పూత మీద మబ్బు

పూత కాలంలో మబ్బు పట్టిందంటే నాకు ఇప్పటికీ మా అత్తమ్మ గిరిజమ్మ గుర్తొస్తుంది. చిరాగ్‌పల్లి దగ్గర ఆమెకు ఇరవై మామిడి చెట్లుండేవి. మాకుండేవి అనాలి, కానీ ఆమె ఎదుట అలా అనే ధైర్యం నాకెప్పుడూ లేదు. పొద్దున్నే ఒక ఆకు తెంపి చెంపకు ఆనించుకునేది. జిగటగా తగిలితే తేనెమంచు పురుగు దిగినట్టే. చేత్తో తాకితే తెలియదా అంటే, "చేతులు కాయలు గాసినయ్, వాటికేం ఎరుక?" అనేది.

1979 మాఘమాసంలో ఆమె కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ వెళ్లింది. తోడుగా మా ఆయన విరూపాక్ష వెళ్లాడు. తోట తొలిసారి నా చేతికొచ్చింది. బస్సెక్కుతూ కూడా అత్తమ్మది ఒకటే పాట.

"నీలమ్మా, మబ్బు పట్టిందని ఆగమాగం కాకు. పొగ పెట్టు. ఎండ వొస్తే పురుగు తగ్గుతది. విచ్చుకున్న పూత మీద మాత్రం మందు కొట్టకు."

మూడోనాడే మబ్బు కమ్మింది. రెండు రోజులు ఎండుటాకులతో, పిడకలతో చెట్ల కింద పొగ పెట్టాను. నా కళ్లు మండాయే గాని మబ్బు కదల్లేదు. ఆ మర్నాడు ఆకు చెంపకు ఆనిస్తే బెల్లం పాకంలా అంటుకుంది. పక్క తోట రేవణసిద్ధప్ప గట్టు మీద నుంచి కేకేశాడు.

"చెల్లె, ఇంకేం జూస్తున్నవ్? రెండు దినాలైతే పూతంత మాడిపోతది. మందు గొట్టే పంపు నా కాడున్నది, తీస్కపో."

అత్తమ్మ వచ్చేసరికి తోట మాడితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? మందు కొట్టించాను. బావి పక్కన ఆఖరి చెట్టు దగ్గరికి వచ్చేసరికి మందు అయిపోయింది. పోనీలే అని వదిలేశాను. తెల్లారేసరికి ఎండ ఫెళ్లున కాసింది. ఒక్కరోజు ముందు రావడానికి ఆ సూర్యుడికేం రోగమో! అయినా పురుగు చచ్చింది, పూత నిలిచింది. చెట్ల కింద రాలిన తేనెటీగలను చీపురుతో ఊడ్చేసి, గెలిచానని పొంగిపోయాను.

వారానికి అత్తమ్మ వచ్చింది. ఒక కంటికి పట్టీ, రెండో కన్ను మసక. చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్లాను.

"అత్తమ్మా, ఒక్క రెమ్మ గూడ మాడలేదు" అన్నాను గొప్పగా.

ఆమె తల పక్కకు వంచి నిలబడింది. "సప్పుడేది నీలమ్మా?"

"ఏం సప్పుడు?"

"ఈగలది. అవి వాలకుంటె పిందె ఎట్ల కడ్తది?"

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మొదళ్లు తడుముకుంటూ ఒక్కో చెట్టు దగ్గరా ఆగి విన్నది. పంతొమ్మిది చెట్లు. బావి పక్క చెట్టు కింద మాత్రం జుమ్మని మోత. సగం పూత నల్లబడినా, దాని మీద ఈగలున్నాయి. ఆమె అక్కడే కూలబడింది. పక్కన కూర్చుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ ఏడు ఆ ఒక్క చెట్టే కాసింది. అది తర్వాతి మాట. ఆ పూట అత్తమ్మ నా తల మీద చెయ్యి వేసింది.

"ఏడ్వకు బిడ్డా, జర ఊకో. నీ ఏడ్పుకు ఈగల సప్పుడు ఇనబడ్తలేదు" అంది.