ఎనిమిది అడుగులు, ఎడమకి నాలుగు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంకొకడు కడుతున్న ఇల్లు కొని చూడు అని మాత్రం ఒక్కరూ అనలేదు. అని ఉంటే ఈ తల్లీకూతుళ్ళు కాస్త జాగ్రత్తపడేవాళ్ళేమో.

కూతురు పార్సిల్ ఆఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. పగలంతా కిటికీ అవతలి వాళ్ళకి "ఇంకా రాలేదండీ, రేపు కనుక్కోండి" అని చెప్తుంది. సాయంత్రం బిల్డరు ఆఫీసుకెళ్ళి అదే మాట తను చెప్పించుకుంటుంది. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అని నవ్వేది తల్లి. తల్లి దర్జీ. నలభై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ కొలతలన్నీ నోటికి పట్టి కుట్టిన మనిషి. మెషిను ముందు కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా తలెత్తేది కాదు.

అలాంటావిడకి కంటి నరం ఎండిపోతోందని తేల్చాడు డాక్టరు. మందులతో ఆగదట. ఏడాది, మహా అయితే ఇంకో రెండు నెలలు అన్నాడు. "మెట్లు లేని ఇంటికి మారండి. చూపుండగానే ఆ ఇంట్లో మసలడం ఈవిడకి అలవాటు చేయండి. కళ్ళు ఉన్నప్పుడు నేర్చుకున్న ఇల్లు కళ్ళు పోయాక కూడా గుర్తుంటుంది" అన్నాడు.

వాళ్ళుండే అద్దె ఇంటికి ఇరవై రెండు మెట్లు. అందుకే ఉన్నదంతా ఊడ్చి, అప్పు చేసి, కొత్తగా కడుతున్న బిల్డింగులో కింది అంతస్తులో ఇల్లు తీసుకున్నారు. ఆరు నెలల్లో తాళాలు చేతిలో పెడతామన్నారు. ఆరు నెలలంటే చూపుకి ఇంకా ఆరు నెలలు మిగులుతాయి. కూతురు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆ లెక్క తప్ప ఆ ఇంట్లో ఆమెకి వేరే ఆశేమీ లేదు.

తల్లి కూడా ఊరికే కూర్చునే రకం కాదు. "ఇల్లొచ్చేదాకా ఎందుకు? ప్లాను కాగితం ఇలా తే, డాబా మీద గీసుకుందాం" అంది. బట్టల మీద గీసే సుద్ద, టేపు, కళ్ళద్దాలు తెచ్చుకుంది. ప్లానుని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో కనిపిస్తున్న గీతల మీద వెనక వైపు సుద్దతో దిద్దింది.

"ముందు వైపే చూసి గీయొచ్చుగా?" అంది కూతురు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని.

"మంచి వైపు గీతలు గీస్తారటే ఎవరైనా? కాగితం మళ్ళీ బిల్డరు ఆఫీసుకి ఇవ్వాలన్నావుగా. నీకు కుట్టూ రాలేదు, కొలతా రాలేదు. టేపు పట్టుకో చాలు."

కూతురు టేపు పట్టుకుంది. ఫోనులో బిల్డరు ఆఫీసు వాళ్ళు లైనులో ఉండమని సంగీతం వినిపిస్తున్నారు. ఇరవై నిమిషాలు అది వింటూనే తల్లి చెప్పిన చోటల్లా టేపు చివర నొక్కి పట్టింది. డాబా మీద ఇల్లు వెలిసింది. గుమ్మం నుంచి నేరుగా ఎనిమిది అడుగులు, ఎడమకి తిరిగితే నాలుగు, అక్కడ తల్లి గది. కుడి వైపు ఉత్త గోడ, దాని చివర వంటగది.

ఇక రోజూ పొద్దున్నే నడకే. మొదట కళ్ళు తెరిచి, తర్వాత కళ్ళు మూసుకుని. వాన పడితే చెరిగిపోయేది, మళ్ళీ గీసేవాళ్ళు. నెల తిరిగేసరికి తల్లి చేయి చాపకుండా, గీత తొక్కకుండా ఇల్లంతా చుట్టి వచ్చేది. "నన్ను మాత్రం ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించొద్దు. ముందే చెప్తున్నా" అనేది. ఆవిడకి కావలసిందల్లా అదే.

ఆరు నెలలైంది. ఇల్లు కాలేదు. లిఫ్టు రాలేదట. ఏడో నెల టైల్సు రాలేదట. ఎనిమిదో నెల అన్నీ వచ్చాయి గానీ సంతకం పెట్టాల్సిన ఆఫీసరు సెలవు మీద వెళ్ళాడట. బిల్డరు ఆఫీసులో వీళ్ళకి తగులుకున్న మేనేజరు ఒకడున్నాడు. ఏమడిగినా "వచ్చే వారం ఖాయం మేడమ్" అంటాడు. తల్లీకూతుళ్ళు అతనికి వచ్చేవారం అనే పేరు పెట్టారు. "ఏమన్నాడే వచ్చేవారం?" "వచ్చే వారం అన్నాడు." చెప్పేవాడికి వినేవాడు లోకువ. సైటుకి వెళ్తే లోపలికి రానివ్వరు, తల మీద ఏదైనా పడుతుందంటారు. తిరిగి తిరిగి కూతురి చెప్పులు అరిగాయి గానీ అతని నవ్వు అరగలేదు.

పదో నెలలో అతనే ఫోను చేశాడు. అప్పటికి తల్లికి తాళం కన్నంలోంచి చూసినంత చూపు మిగిలింది.

"మేడమ్, మీ ఇంట్లో డ్రైనేజీ పైపు పగిలింది. బాత్‌రూము తవ్వాలి, ఇంకో మూడు నెలలు పడుతుంది. ఎదురిల్లు మాత్రం రెడీ. కావాలంటే అది తీసుకోండి, ఈ వారమే తాళాలు ఇచ్చేస్తా. అచ్చం మీ ఇల్లే, కుడి ఎడమలు మారతాయి, అంతే."

కూతురికి ఒళ్ళు మండింది. "అంతేనా? మా అమ్మ ఈ పది నెలలూ నేర్చుకున్నదంతా ఏ గంగలో కలపమంటారు? మాకు మా ఇల్లే కావాలి" అని ఫోను పెట్టేసింది.

తల్లి విననే విన్నది. "ఎదురిల్లైతే ఏమే? కాస్తో కూస్తో కనబడుతుండగానే కళ్ళారా చూసుకుంటాగా."

"నీకు తెలీదమ్మా, ఊరుకో. నడక మొత్తం తారుమారవుతుంది. మూడు నెలలు ఓపిక పట్టు."

"నా ఓపికదేముందే" అని తల్లి ఊరుకుంది.

ఆ మూడు నెలల్లో రెండోది నడుస్తుండగా, ఒక పొద్దున తల్లి లైటు వేయమంది. లైటు వెలుగుతూనే ఉంది. కూతురు ఆ మాట అనలేక స్విచ్చి రెండుసార్లు నొక్కింది. తల్లికి ఆ చప్పుడుతోనే సంగతి తెలిసిపోయింది. ఆ రోజు ఇద్దరూ అన్నం ముట్టలేదు.

మూడు నెలలన్నది నాలుగైంది. చివరికి తాళాలిచ్చే రోజు వచ్చింది. కూతురికి సంతోషం కూడా రాలేదు. ఎప్పటికి ఇంటికెళ్ళి నడుం వాలుస్తానా అన్నంత అలసట తప్ప ఏమీ లేదు. వచ్చేవారం మాత్రం కొత్త చొక్కా వేసుకుని, నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డాడు. అన్నీ చూసుకున్నామని సంతకం పెట్టమని కాగితం చాపాడు.

"చూశాక పెడతాం" అంది కూతురు.

"నువ్వు తప్పుకో" అంది తల్లి కూతురితో. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పెళ్ళికి వెళ్ళేదానిలా మొహం తుడుచుకుంది. గడప దాటి, చేతులు చాపకుండా, తలెత్తుకుని ఎనిమిది అడుగులు వేసింది. ఎడమకి తిరిగింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగుకి నుదురు వెళ్ళి గోడకి కొట్టుకుంది.

"అమ్మా!"

"ఏం లేదు, ఏం లేదు. తప్పు లెక్కపెట్టుంటాను." తల్లి మళ్ళీ గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ అదే గోడ. దాన్ని రెండు చేతులతో తడిమింది. ఉత్త గోడ. ఆవిడ గది కుడి వైపున, తలుపు బార్లా తీసి ఉంది.

కూతురు మేనేజరు మీద విరుచుకుపడింది. "ప్లాను మార్చేశారా? ఎవర్నడిగి మార్చారు?"

అతను మొదటిసారి నవ్వు మానేశాడు. ఫైలు తీసి ప్లాను చూపించాడు. గది కుడి వైపే ఉంది. మొదట్నుంచీ కుడి వైపే. ఆ కాగితం వెనక ఇంకా చెరగని సుద్ద గీతలున్నాయి. కూతురు కాగితాన్ని తిరగేసి కిటికీకి పట్టి చూసింది. గది ఎడమకి వచ్చింది.

"ఏమైందే?" అంది తల్లి.

"నువ్వు వెనక వైపు గీశావమ్మా. మనం నేర్చుకున్నది..."

తల్లి గోడ మీంచి చెయ్యి తీసేసింది. నలభై ఏళ్ళు జాకెట్టు కుడి చేతి ముక్కని తిరగేసి ఎడమ చెయ్యి కత్తిరించిన మనిషికి ఇంకా చెప్పాలా? "అయితే ఎదురిల్లన్నమాట" అంది.

ఎదురింటి తలుపు తీసే ఉంది. ఎవరో కొనేశారు, వచ్చే నెల దిగుతారట. లోపల పెయింటరు ఒక్కడే నిచ్చెన మీద ఉన్నాడు. "ఒక్కసారి లోపలికి రావచ్చా నాయనా?" అంది తల్లి. అతనికేమీ అర్థం కాకపోయినా, నిచ్చెనా డబ్బాలూ గోడ పక్కకి లాగి "రండి పెద్దమ్మా" అన్నాడు.

ఎనిమిది అడుగులు. ఎడమకి నాలుగు. గది. మూడు అడుగుల్లో మంచం వేసే చోటు, అక్కడ ఒక్క క్షణం ఆగింది. రెండడుగుల్లో బాత్‌రూము తలుపు, గొళ్ళెం మీద సూటిగా చెయ్యి వేసింది. వెనక్కి హాలు, కుడి వైపు గోడ వెంట నడిచి వంటగది, గట్టు, కిటికీ. ఎక్కడా తడబడలేదు, దేన్నీ తడమలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని గాలికి మొహం పెట్టి నిలబడింది. పెయింటరు బ్రష్షు చేత్తో పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు.

"బావుందే మనిల్లు" అంది తల్లి.

కూతురు గుమ్మంలోనే చతికిలబడింది. "నేనే వద్దన్నానమ్మా. ఇస్తానన్నాడు. నీకింకా కనిపిస్తోంది అప్పుడు. చూసుకుంటానన్నావు. నేనే, నా నోటితో నేనే వద్దన్నాను." పద్నాలుగు నెలలుగా ఎవరి ముందూ కార్చని కన్నీళ్ళు ఆ కొత్త టైల్సు మీద కారాయి.

తల్లి అలవాటైన అడుగులతో గుమ్మం దాకా వచ్చింది. వంగి కూతురి తల తడుముకుని పట్టుకుంది. "తిరగేసి గీసింది నేను, వద్దన్నది నువ్వు, ఆలస్యం చేసింది వాడు. ఎవర్ని తిట్టుకుంటాం? లే. వాళ్ళ ఇంట్లో కూర్చుని ఏడుస్తారటే ఎవరైనా?"

కూతురు లేచింది. తల్లి అక్కడే ఆగిపోయింది. ఈ గడప దాటితే ఆవిడకి తెలిసిన నేల లేదు. చెయ్యి కొద్దిగా పైకెత్తి, గాల్లో వెతికింది.

"నీ భుజం ఇలా ఇవ్వు."

కూతురు భుజం ఇచ్చింది. తల్లి దాన్ని గట్టిగా పట్టుకుంది. వరండా దాటి, మేనేజరు పక్కనుంచి, ఇద్దరూ తమ ఇంట్లోకి వచ్చారు.

"పైకి లెక్కపెట్టు" అంది తల్లి. "నేను వింటాను."

"ఒకటి" అంది కూతురు.