ఇద్దరికీ ఒకే బెయిలు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఉలిగప్ప ఆ రోజు పొద్దున్నే మగ్గం గుంతలోకి దిగలేదు. తలకు పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ట్రంకుపెట్టె తెరిచి ఇంటి పత్రం బయటికి తీశాడు. వాకిట్లో కండెలు చుడుతున్న భార్య పెద్దక్క అది చూసి చెయ్యి ఆపింది. ఆ కాగితం పెట్టెలోంచి లేచిందంటే అప్పుకేనని ఆమెకు తెలుసు.

"మళ్ళా పట్టుకి అప్పు తెస్తాండావా?"

"అప్పు కాదే. హైదరాబాదు పోతాండా. ఆనంద్ సారుకు జామీను ఇయ్యల్ల."

"ఎవురికీ? మన దుడ్లు మింగినోడికా?"

"నోరు మూసుకోవే! సారు లోపలుంటే మన ప్లాటు ఎవురు రిజిస్టరు చేస్తారు? మీ నాయనొచ్చి చేస్తాడా?"

ఇది చదివి నవ్వకండి. 2009లో ఆ మాట అన్నది ఉలిగప్ప ఒక్కడే కాదు. దేవనహళ్ళిలో విమానాశ్రయం వస్తుందనగానే పెనుకొండ దగ్గర హైవే పక్కన రాళ్ళభూమికి కూడా రెక్కలొచ్చాయి. హిందూపురం ఆనంద్ అక్కడ రంగురంగుల జెండాలు పాతి, హద్దురాళ్ళు నాటి, వెంచరు అన్నాడు. నేతగాళ్ళు, పూలమ్మేవాళ్ళు, చిన్న ఉద్యోగులు నెలనెలా కంతులు కట్టారు. కంతులు అయిపోయాయి గానీ రిజిస్ట్రేషన్ మాత్రం కాలేదు. జనం కట్టిన డబ్బు చేతులు మారి, పేర్లు మారి, వేరేచోట భూములుగా తేలిందని అధికారులు కేసు పెట్టారు. పేపర్లవాళ్ళు దాన్ని మనీ లాండరింగ్ అని రాశారు. అంటే పాపపు సొమ్ముకి తలంటి పోసి, కొత్త బట్టలు తొడిగి, పెద్దమనిషిని చెయ్యడమన్నమాట.

ఆ భూముల్లో కొన్ని ఆనంద్ కారు డ్రైవరు బాషా పేరు మీద ఉన్నాయి. బాషా కాపురం హిందూపురంలో, ఒకే గది ఉన్న బాడుగింట్లో. అయినా కాగితం మీద పేరుంది కాబట్టి యజమానితో పాటు అతన్నీ అరెస్టు చేశారు.

కొన్ని నెలలకు హైదరాబాదు కోర్టు ఇద్దరికీ ఒకే రోజు, ఒకే కాగితం మీద బెయిలిచ్చింది. ఇక ఇద్దర్నీ లోపల ఉంచే పని లేదంది. అయితే ఒక్కొక్కరి తరఫున సొంత ఆస్తి ఉన్న ఇద్దరు జామీను రావాలి. బయటికొచ్చినవాడు వాయిదాలకు రాకుండా పారిపోతే, జామీను ఉన్నవాళ్ళ ఆస్తికి ఎసరు. యజమానికి ఏ షరతో డ్రైవరుకీ అదే షరతు. ఇంతకన్నా సమానం ఎక్కడైనా ఉంటుందా చెప్పండి?

ఇప్పుడు ఆ సమానం ఎలా నడిచిందో వినండి. ఆనంద్‌కు కావలసింది ఇద్దరు. ఇంటి పత్రాలు చంకలో పెట్టుకుని ఒక టెంపో నిండా జనం బయల్దేరారు. వాళ్ళంతా ఆయన దగ్గర ప్లాటుకి కట్టి మోసపోయినవాళ్ళే! అందులోంచి తనను ఎంచుకున్నందుకు ఉలిగప్ప పొంగిపోయాడు. ఆనంద్ హిందూపురంలో దిగిన రోజు టపాకాయలు పేల్చారు, మనిషెత్తు పూలమాల వేశారు. పెళ్ళికొడుకుని కూడా అంత ఇదిగా ఎవరూ తీసుకురారు.

బాషా మాత్రం జైల్లోనే ఉన్నాడు.

అతని మేనమామ యూనస్ తన పాత ఇల్లు పెట్టి ఒక జామీను ఇస్తానన్నాడు. రెండో మనిషి దొరకలేదు. బాషా భార్య భాను గార్మెంట్సు ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పని చేసేది. సెలవు దొరికినప్పుడల్లా హిందూపురంలో తెలిసిన ప్రతి గడపా తొక్కింది. "చూస్తాం పోమ్మా" అన్నవాళ్ళే మంచివాళ్ళు. మిగతావాళ్ళు తలుపు దగ్గరే ఉమ్మినంత పని చేశారు. చివరికి, యజమానికి జామీను ఇచ్చిన మనిషికి డ్రైవరు మీద కూడా కనికరం ఉంటుందేమోనని ధర్మవరం వచ్చింది.

ఉలిగప్ప వాకిట్లో ఆమె తన పేరు చెప్పుకునే సరికే పక్కింటి జయరాముడు వచ్చేశాడు. అతను కూడా కంతులు కట్టినవాడే.

"వచ్చిందప్పా, జమీందారు పెండ్లాం! మీ ఆయన పేరు మీద ఎకరాలెకరాలు ఉండాయంట కదమ్మా? దాన్నే జామీను పెట్టుకో, పో!"

"అదంతా సర్కారు జప్తు చేసిందన్నా. అది మాదే అయితే నేను ఇంకొకరి చొక్కాలకి దారాలు ఎందుకు కత్తిరిస్తా?"

"సంతకం పెట్టేటప్పుడు మీ ఆయన కండ్లు యాడ పెట్టుకున్యాడు?"

"సారు పెట్టమన్యాడు, పెట్టినాడు. జీతం ఇచ్చే మనిషిని ఎందుకని అడుగుతామా?" భాను ఉలిగప్ప వైపు తిరిగింది. "సారు కోసరమని నువ్వూ ఇంటి పత్రం పెట్టినావు కదన్నా. నువ్వేమన్నా అడిగినావా?"

ఉలిగప్పకు సర్రున కాలింది. "నీ మొగుణ్ణీ నన్నూ ఒకే తక్కెట్లో పెడ్తాండావా? వాడు దొంగ! లేసి బస్సెక్కు ఫస్టు!"

పెద్దక్క చెంబుతో నీళ్ళు తెచ్చింది. "తాగి పో పాపా."

"వద్దులేక్కా. ఈ ఇంట్లో నీళ్ళు గొంతు దిగవు" అని భాను వెళ్ళిపోయింది.

ఆ మాటా, అంతకుముందు 'నువ్వేమన్నా అడిగినావా' అన్న ప్రశ్నా పెద్దక్కకు ముల్లులా దిగాయి. ప్లాటు సంగతి అడుగుదాం పదమని మొగుణ్ణి రోజూ పోరింది. కడకు ఇద్దరూ హిందూపురంలో ఆనంద్ ఆఫీసుకు వెళ్ళారు.

"రాప్పా ఉలిగప్పా, నా పాలిట దేవుడివి నువ్వు!" అంటూ ఆనంద్ కాఫీ తెప్పించాడు. రిజిస్ట్రేషన్ మాట ఎత్తగానే గొంతు తగ్గించాడు. "చిక్కంతా ఆ బాషాగాడితోనే. నువ్వొక సాయం చెయ్యల్ల. కంతులన్నీ వాని చేతికే ఇచ్చినామని కోర్టులో ఒక్క మాట చెప్పు. వాడు ఎట్లాగూ లోపలే ఉండాడు, వానికి కొత్తగా పోయేదేముంది? అందరికన్నా ముందు నీ ప్లాటు రిజిస్టరు చేయిస్తా."

"మేం కట్టింది ఈ గదిలోనే కదా సారూ, నీ చేతికే?" అంది పెద్దక్క.

ఆనంద్ ఆమెను చూడనే లేదు. "ఇంటామెను ఎందుకు పిల్చుకొచ్చినావబ్బా? ఇవి మొగోళ్ళ యవ్వారాలు" అని నవ్వాడు.

తిరుగు బస్సులో ఉలిగప్ప గొణిగాడు. "ఒక్క మాటే కదే. ప్లాటు చేతికొస్తాది."

"నీకింకా తెలీలేదా? ఆ మాట కోసరమే వాడు లోపలుండల్ల. బయటికొస్తే నోరు తెరిచి చెప్తాడు, ఎవురు పెట్టమంటే సంతకం పెట్టినాడో. ఆ సారు వాన్ని లోపల కట్టేయలేదయ్యా. తాడు మనమిచ్చినాం."

ఉలిగప్ప కిటికీ వైపు తిరిగాడు.

పెద్దక్కకు పుట్టింటివాళ్ళు ఓబులదేవరచెరువు దగ్గర ఇచ్చిన చేను ఉంది. వానొస్తే వేరుశనగ, లేకపోతే బీడు. ఆమె పేరు మీద ఉన్నది అదొక్కటే. దాన్ని బాషాకు జామీను పెడతానని ఆమె చెప్పిన రోజు ఉలిగప్ప అన్నం ముందునుంచి లేచిపోయాడు. వీధిలో కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమె బిందెను పక్కకి నెట్టారు. "డ్రైవరు ఎంత ముట్టజెప్పినాడక్కా?" అని జయరాముడు అందరూ వినేలా అరిచాడు. ఆనంద్‌కు ఊరంతా జామీను ఇవ్వబోయినప్పుడు ఎంత ముట్టిందని ఎవరూ ఎవర్నీ అడగలేదు. డబ్బున్నవాడికి చేస్తే సాయం, లేనివాడికి చేస్తే అనుమానం. ఇదీ మన న్యాయం!

పెద్దక్క చేనుకి కావలసిన కాగితాలు తెచ్చుకుని, భాను, యూనస్‌లతో కలిసి రైలెక్కింది.

కోర్టులో జడ్జిగారు ఆమె కాగితాలు తిరగేసి అద్దాల పైనుంచి చూశారు.

"ఈ బాషా మీకు బంధువా?"

"కాదయ్యా."

"మీ ఇంట్లో పనిచేశాడా?"

"లేదయ్యా. నేను ఆ మనిషి మొగమే చూసిండ్లేదు."

"అతను పారిపోతే మీ భూమి పోతుంది. తెలుసా?"

"తెలుసయ్యా."

"మరి ఎందుకొచ్చారు?"

పెద్దక్క కొంగు సర్దుకుంది.

"మీరు ఇద్దరికీ ఒకే మాదిరి బెయిలు రాసినారంటయ్యా. దుడ్లుండే ఆయన కోసరం మేమంతా ఇంటి పత్రాలు ఎత్తుకోని ఉరుక్కుంటా వచ్చినాం. లేనోడి కోసరం వాని పెండ్లాం మా వాకిట్లోకొస్తే తరిమినాం. మీరు ఒకటే బెయిలు ఇచ్చినారయ్యా. దాన్ని రెండు చేసింది మా జనమే."