సలహా ఇవ్వకూడని పరీక్ష

నా నోట్లో నువ్వుగింజ నానదని మావారు పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టారు. నేను నొప్పుల క్లినిక్‌లో నర్సుని. నడుము నొప్పి అంటూ వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోకముందే ఏ దిండు కొనాలో, ఏ చెప్పులు పారెయ్యాలో చెప్పేస్తాను. అలాంటి నన్ను మా పెద్ద డాక్టరుగారు మైండ్‌ఫుల్‌నెస్ థెరపీ శిక్షణకి పంపించారు. ఏళ్ల తరబడి నొప్పితో బతుకుతున్నవాళ్లకి ఊపిరి మీద ధ్యాస పెట్టడం నేర్పే బృందం ఒకటి క్లినిక్‌లో మొదలవుతోంది. సర్టిఫికెట్ తెస్తే దాన్ని నడిపేది నేను. తేకపోతే ఎక్స్‌రే గదిలో ఉండే కొత్తమ్మాయి. ఆ అమ్మాయి ఇప్పటికే గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటు చేసుకుంటోందని తెలిసి నాకు నిద్ర పట్టలేదు.

శిక్షణ ఒక ఆఫీసు భవనం పై అంతస్తులో జరిగింది. కుర్చీలు గుండ్రంగా వేశారు. నేర్పే ఆయన ప్రతి మాటకీ "మెల్లిగా" తగిలిస్తారు కాబట్టి మేమంతా ఆయన్ని మెల్లిగా మాస్టారు అనుకునేవాళ్లం. మొదటి రోజు తలా ఒక ఎండుద్రాక్ష అరచేతిలో పెట్టి, దాన్ని జన్మలో ఎన్నడూ చూడనట్టు చూడమన్నారు. తర్వాత వాసన చూడమన్నారు. ఆ తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వినమన్నారు. నేను అప్పటికే మింగేశాను. చేసేది లేక ఖాళీ పిడికిలి చెవికి ఆనించి శ్రద్ధగా విన్నాను.

మర్నాడు వెల్లకిలా పడుకుని కాలి వేళ్ల నుంచి తల దాకా ఒళ్లంతా గమనించుకోమన్నారు. మా బృందంలో ఉన్న పళ్ల డాక్టరు మోకాళ్ల దాకా కూడా రాకుండానే గుర్రు పెట్టారు. "ఆ గుర్రుని కూడా ఒక శబ్దంగా గమనించండి, మెల్లిగా," అన్నారు మాస్టారు.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది నా ఎదురు కుర్చీ. అందులో మా అక్క కూర్చుంది. తోడబుట్టిన అక్క కాదు, మావారి అన్నగారి భార్య, నా తోడికోడలు. ఒక స్కూల్లో పిల్లలకి కౌన్సెలర్. ఇద్దరం ఒకే శిక్షణకి వస్తున్నామని గుమ్మంలో ఎదురుపడేదాకా ఇద్దరికీ తెలియదు. మా అత్తగారికి తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి మాకు మాటల్లేవు. ఎందుకు లేవో నాకు తెలియదు. ఒకనాటి నుంచి తను మానేసింది. కారణం చెప్పకుండా మానేసిన మనిషిని నేనెందుకు అడగాలి? నేనూ మానేశాను. అన్నదమ్ములు మాత్రం ఫోన్లో కారు టైర్ల గురించి గంటల తరబడి హాయిగా మాట్లాడుకుంటారు.

మౌనం పాటించే రోజు మాస్టారు అందరికీ మా ఇద్దరినీ చూపించి మెచ్చుకున్నారు. అంత సహజమైన మౌనం ఆయన ఎక్కడా చూడలేదట.

ఈ థెరపీలో అసలు పని ధ్యానం ముగిశాక మొదలవుతుంది. ఎదుటివాళ్లు ఏం గమనించారో అడగాలి, వినాలి, మళ్లీ అడగాలి. సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు, "అది కాదండీ" అనకూడదు, మన సంగతులు మధ్యలోకి లాగకూడదు. చివరి పరీక్ష ఇదే. ఒకరు తమ జీవితంలో నిజంగా ఉన్న ఒక చిన్న ఇబ్బంది చెప్పాలి, రెండోవాళ్లు వినాలి. నోరు జారితే ఫెయిలు.

ఇంట్లో మావారి మీద సాధన చేశాను.

"చొక్కా బొత్తాం ఊడిపోయిందోయ్," అన్నారు ఆయన.

"అది తలుచుకుంటే ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తోంది?"

"మెడ దగ్గర గాలి తగులుతోంది. సూది ఎక్కడుంది?"

"సూది కావాలనిపించడాన్ని కూడా గమనించండి."

చివరికి ఆయనే వెతుక్కుని కుట్టుకున్నారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది.

పరీక్ష రోజు జంటల కోసం చీట్లు తీశారు. నాకు అక్క వచ్చింది. మా చుట్టరికం మాస్టారికి తెలియదు. చెప్పాల్సినవాళ్లం మేమే, మేమేమో మాట్లాడుకోవడం లేదు. ముందు తను చెప్పాలి, నేను వినాలి. మాస్టారు కలం పట్టుకుని పక్కన కూర్చున్నారు.

"ఇప్పుడు ఏం గమనిస్తున్నారు?" అన్నాను. అక్కని మీరని పిలవడం అదే మొదటిసారి.

"గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది," అంది నేల చూపులు చూస్తూ. "ఒక మనిషి ఎదురుగా ఉంటే ఎక్కువవుతుంది."

నాకు ఒళ్లు మండింది. పైకి మాత్రం, "దాంతోపాటు ఇంకేం వస్తోంది?" అన్నాను.

"మా అత్తగారి ఆపరేషన్ రోజు గుర్తొస్తుంది. ఆరోజు స్కూల్లో ఒక పిల్ల మేడ మీదకెక్కి దిగనని కూర్చుంది. దాన్ని బతిమాలి దింపేసరికి చీకటి పడింది. ఆసుపత్రికి వెళ్లలేకపోయాను. మర్నాటికి చుట్టాలందరి నోటా ఒకటే మాట, పెద్దకోడలికి అత్తగారి కన్నా ఉద్యోగమే ఎక్కువైందని. ఆ మాట పుట్టించింది నా తోడికోడలేనని చెప్పారు. నేను సొంత చెల్లెలనుకున్న మనిషి."

ఆ మాట అన్నది మా ఆడపడుచు! ఆసుపత్రి వరండాలో నా ముందే అంది. "అక్క ఊరికే రాకుండా ఉండే మనిషి కాదు, నోటికొచ్చినట్టు మాట్లాడకు వదినా," అని ఆవిడతో గొడవపడ్డది నేను. ఆ ఒక్క ముక్క చెబితే చాలు. కానీ చెబితే ఫెయిలు. ఎక్స్‌రే అమ్మాయి కళ్ల ముందు మెదిలింది. పళ్ల బిగువున ఆపుకున్నాను.

"ఆ మాట విన్నప్పుడు... ఒంట్లో ఎక్కడ తెలిసింది?" అన్నాను. మాస్టారు మురిసిపోతూ ఏదో రాసుకున్నారు.

"ఆ కోపం ఎప్పుడో పోయింది," అంది అక్క. "ఇప్పుడు ఉన్నది వేరు. ఈమధ్య నాకు గర్భసంచి తీసేశారు. మత్తు దిగి కళ్లు తెరవగానే గుమ్మం వైపు చూశాను. అది వస్తుందనీ, నర్సులందర్నీ తిట్టిపోసి నా దుప్పటి సరిచేస్తుందనీ. రాలేదు."

ఆపరేషనా! నాకు ఎవరూ చెప్పలేదు. టైర్ల గురించి అంతంతసేపు మాట్లాడుకునే ఆ మహానుభావులకి ఈ మాట చెప్పుకునే తీరిక దొరకలేదు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

"నాకు తెలియదక్కా! తెలిస్తే రాకుండా ఉంటానా? ఆ మాట అన్నది వదిన, నేను కాదు, నీ మీద ఒట్టు! బరువులు ఎత్తుతున్నావా? ఎత్తకు. కుట్లు సరిగ్గా మానాయా? మందులు ఏమిచ్చారు? అన్నీ పట్టుకుని రేపే నా దగ్గరికి రా. అసలు ఈ గట్టి కుర్చీలో ఎందుకు కూర్చున్నావు, లే!"

మాస్టారు కలానికి మూత పెట్టారు.

"అన్నది వదినేనని నాకు తర్వాత తెలిసిందిలే," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ.

"మరి ఎందుకు మాట్లాడలేదు?"

"నువ్వే పలకరిస్తావని చూశాను."

"నేనూ నువ్వే పలకరిస్తావని చూశాను!"

"మెల్లిగా..." అన్నారు మాస్టారు.

"మీరుండండి మాస్టారూ!" అన్నాం ఇద్దరం.

ఆయన నా ఫలితం చేతికిచ్చారు. సలహాలిచ్చింది, ఓదార్చింది, సొంత సంగతులు తెచ్చింది, చివర్లో కౌగిలించుకుంది అని రాసి, కింద ఫెయిలని వేశారు. మళ్లీ పరీక్ష వచ్చే బ్యాచ్‌తోనే. ఆలోపు క్లినిక్‌లో బృందం ఎక్స్‌రే అమ్మాయి చేతికి వెళ్లిపోతుంది.

తర్వాత వంతు అక్కది. ఇప్పుడు నేను చెప్పాలి, తను వినాలి. మాస్టారు కొత్త కాగితం తీశారు. అక్క నిటారుగా కూర్చుని, "ఇప్పుడు ఏం గమనిస్తున్నారు?" అంది.

"ఏడుపొస్తోందక్కా. ఆ బృందం మీద ఎన్ని ఆశలు పెట్టుకున్నానో. అంతా పోయింది."

రూలు ప్రకారం ఏడుపు ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో అడగాలి. అక్క నోరు తెరిచింది, మాస్టారి వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత తన కుర్చీ నా పక్కకి లాక్కుంది.

"పోతే పోయిందిలేవే. ఏడవకు. వచ్చేసారి ఇద్దరం కలిసి రాద్దాం."

మాస్టారు మొదటిసారి గట్టిగా నిట్టూర్చి, రెండో కాగితం మీద కూడా రాయడం మొదలుపెట్టారు.