మక్కగింజ మడతగోడలు

రెండువేల సంవత్సరం జూలైలో మా కాలేజీ కరస్పాండెంటు రాజనర్సయ్య గారు నన్ను పిలిచి, సోమవారంలోగా బోటనీలో పన్నెండుమంది చేరకపోతే ఆ గ్రూపు ఎత్తేస్తానన్నారు. అప్పటికి చేరినవాళ్లు నలుగురు. గ్రూపు పోతే నేనూ పోతాను. యాభై రెండేళ్ల బోటనీ లెక్చరర్ని పంజాగుట్టలో ఇంకెవరు పెట్టుకుంటారు? పూలకొట్టువాడు కూడా పెట్టుకోడు.

"నాకు సుత బాధనే ప్రసాద్ సారు," అన్నారాయన. "గని మీ లాబ్ రూం జూస్తే పానం గుంజుతది. అమీర్‌పేటల జాగ లేక పోరగాండ్లు మెట్ల మీద కూసొని కంప్యూటర్ నేర్చుకుంటున్నరు. మీ తాన జూస్తే నాలుగు కుండీలు, ఒక మైక్రోస్కోపు."

రాజనర్సయ్య గారు చెడ్డవారు కారు. మెదక్ వైపు మక్కలు, అంటే మొక్కజొన్న, పండించి, తర్వాత పట్నం వచ్చి బిల్డింగులు పండిస్తున్నారు. ఖాళీ గది కనబడితే ఆయనకు బీడు భూమి కనబడినట్టే ఉంటుంది.

ఆ నలుగురిలో మధులత అనే అమ్మాయి ఉంది. ఇంట్లో అందరూ కంప్యూటర్ అంటుంటే పట్టుబట్టి బోటనీలో చేరిన పిల్ల. విషయం చెప్పగానే, "అయితే డెమో పెడుదాం సార్" అంది. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా మొదటి క్లాసు ఉచితం. దాన్నే డెమో అంటారు. కరెంటు స్తంభాలకు కాగితాలు అంటిస్తారు, జనం వచ్చి వింటారు, నచ్చితే చేరతారు. ఇదంతా నాకు చేపల బజారు వ్యవహారంలా తోచింది. అయినా మునిగేవాడికి నీటి లోతుతో పనేంటి?

కాగితం మధులతే రాసింది. "గింజకు పాలు ఎక్కడినుంచి వస్తాయి? ఉచిత డెమో. శనివారం ఉదయం పది గంటలకు. టీ ఇవ్వబడును." టీ సంగతి తీసేయమన్నాను. అసలు సంగతి అదే సార్ అంది.

శనివారం పొద్దున్నే మైత్రీవనం ఎదురుగా కంకులు కాల్చి అమ్మే పోచమ్మ దగ్గరికి వెళ్లి, ఉన్నవాటిలో బాగా లేతది ఇమ్మన్నాను. "గిది పాలకంకి సారూ, కాలిస్తే నీళ్లే," అంది. కాల్చనక్కర్లేదు, కోసుకుంటాను అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఉప్పూ నిమ్మకాయా లేకుండానే చేతిలో పెట్టింది.

పది గంటలకు అరవై ముగ్గురు వచ్చారు. నేను లెక్కపెట్టాను, ఎందుకంటే నా సర్వీసులో బోటనీ క్లాసులో అంతమందిని చూడలేదు. గింజ అడుగును జారకుండా క్యారెట్ ముక్క మధ్య పెట్టి బ్లేడుతో పల్చగా కోసి, నీలం రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి మొదలుపెట్టాను.

"మొక్కజొన్న గింజకీ తల్లి మొక్కకీ మధ్య గొట్టమంటూ లేదు. తల్లి నాళాలు గింజ గుమ్మం దాకా వచ్చి ఆగిపోతాయి. అక్కడినుంచి చక్కెరను లోపలికి తీసుకునే పని గింజ అడుగున ఉన్న కొన్ని కణాలది. ఆ కణానికి పక్కకు పెరగడానికి చోటు లేదు, చుట్టూ ఇరుగుపొరుగే. అందుకని తన గోడనే లోపలికి మడతలు మడతలుగా పెంచుకుంటుంది. గోడను అంటిపెట్టుకుని ఒక పల్చటి పొర ఉంటుంది. చక్కెరను లాగే ద్వారాలన్నీ ఆ పొరలోనే ఉంటాయి. గోడ మడతపడితే పొరా మడతల వెంటే పోవాలి కదా. పొర పెరిగిందంటే ద్వారాలు పెరిగినట్టే. గది అంతే, రాబడి మాత్రం ఎన్నో రెట్లు."

"సార్, గిది నేర్చుకుంటే ప్లేస్‌మెంట్ ఉంటదా?" అని ఒకడు అడిగాడు. ఈ కణాలు లేకపోతే నీకు భోజనమే ఉండదు, కూర్చో అన్నాను.

వెనక నిలబడ్డ రాజనర్సయ్య గారు మాత్రం ముందుకొచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు.

"ఇన్నేండ్లు మక్కలేసిన గని గీ ముచ్చట తెల్వదు సారు. అంటే రూం పెద్దగ జేయకుంటనే, గోడను లోపలికి మడత వెడితే..."

"అంతేనండీ."

"మడత మీద మడత వెట్టినా నడుస్తదా?"

"నడుస్తుందండీ. కణం చేసేది అదే."

ఆయన జేబులోంచి కాగితం తీసి బొమ్మ గీసుకున్నారు. నిజం చెప్పాలంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇరవై ఆరేళ్లుగా పాఠం చెబుతున్నాను, అడక్కుండా బొమ్మ గీసుకున్నవాడు ఈయనొక్కడే. ఆ ఊపులో ఇంకా చెప్పబోతుంటే మధులత కళ్లతో సైగ చేసింది. డెమో ఎప్పుడూ మంచి పట్టు మీద ఆపాలట. "ఈ మడతలు పనిచేయాలంటే కణం ఇంకో ఏర్పాటు చేసుకోవాలి. అది రెండో క్లాసులో" అని ఆపేశాను.

వెళుతూ అరవై ముగ్గురూ రిజిస్టరులో పేర్లు రాశారు. నేను ఆదివారమంతా చంకలు గుద్దుకుంటూ గడిపాను. పన్నెండుమందిని అడిగితే అరవై మూడు. మిగతావాళ్లను వడపోయాలా, రెండు సెక్షన్లు పెట్టాలా అని కూడా ఆలోచించాను.

సోమవారం సాయంత్రం దాకా ఒక్క పురుగు రాలేదు.

"డెమోకొచ్చినోళ్లు చేరరు సార్," అంది మధులత. "ఇంకో డెమోకు పోతరు."

"మరి పేర్లు ఎందుకు రాశారు?"

"రాస్తేనే టీ ఇచ్చినం కద సార్."

మంగళవారం లాబ్ తాళం తీసుకున్నారు. నెలాఖరు దాకా నాకు గడువు. పదిరోజుల తర్వాత రాజనర్సయ్య గారే నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. గది నిండా ప్లైవుడ్ గోడలు, లోపలికి చొచ్చుకొచ్చి మడతలు తిరిగి ఉన్నాయి. మడతమడతకీ అటూ ఇటూ కంప్యూటర్లు. పద్దెనిమిది పట్టే గదిలో నలభై పట్టాయి.

"మీ మక్కగింజనే సారు," అన్నారు మురిసిపోతూ.

నా కడుపు మండిపోయింది. దానికంటే సిగ్గుచేటు ఏంటంటే, గర్వంగా కూడా ఉంది. ఆ మడతలు ఎంత సరిగ్గా వచ్చాయో మీకు చెప్పలేను. నా దగ్గర పాఠం పూర్తిగా ఒంటబట్టించుకున్న ఒకే ఒక్క శిష్యుడు నా గ్రూపునే మింగేశాడు.

ప్రారంభం రోజు కొబ్బరికాయ కొట్టి నలభై కంప్యూటర్లూ ఒక్కసారి వేశారు. ఫట్ మని మెయిన్ పోయింది. ఎలక్ట్రీషియన్ పెంటయ్య వచ్చి ఫ్యూజు వేశాడు. మళ్లీ పోయింది. మూడు రోజులు అదే తంతు. కట్టిన ఫీజు తిరిగిమ్మని పిల్లలు మెట్ల మీద గోల పెట్టారు.

నాలుగో రోజు నేను పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటుంటే రాజనర్సయ్య గారు వచ్చారు. వెనకాల పెంటయ్య ఉన్నాడు.

"సారు, రెండో క్లాసుల ఇంకేదో ఏర్పాటు చెప్తనన్నరు గద. గదేంది?"

చెప్పడానికి అర నిమిషం పట్టదు. అడిగినవాడికి పాఠం చెప్పకుండా నేను ఒక్కరోజు కూడా ఉండలేదు. కానీ ఆ నలుగురు పిల్లలూ అంతకుముందు రోజే వచ్చారు. ముగ్గురు టీసీలు ఎప్పుడిస్తారని అడిగి వెళ్లారు. మధులత మాత్రం ఏమీ అడగలేదు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"చెప్తానండీ. ముందు ఆ నలుగురూ డిగ్రీ పూర్తిచేసేదాకా బోటనీ గ్రూపు నడుపుతానని రాసివ్వండి."

"నలుగురికి మూడేండ్లా? జాగ ఏడుంది సారు?"

"డాబా మీద గది చాలు."

ఆయన మెట్లవైపు చూశారు. అక్కడినుంచి పిల్లల అరుపులు వినబడుతున్నాయి. కాలేజీ లెటర్‌హెడ్ తెప్పించి, రాసి, సంతకం పెట్టారు. నేను రెండుసార్లు చదువుకున్నాను.

"మడతలు పెట్టినంత మాత్రాన కణం పని నడవదండీ. చక్కెరను లాగడానికి శక్తి కావాలి. ఆ శక్తినిచ్చే మైటోకాండ్రియాలను అది ఒకచోట పోగుపెట్టదు. మడతల పక్కనే, మడతమడతకీ దగ్గరగా వరసగా పెట్టుకుంటుంది. మీరు నలభై కంప్యూటర్లనూ గుమ్మం దగ్గరి ఒక్క లైనుకు వేలాడదీశారు. మడతమడతకీ వేరే లైను, వేరే ఫ్యూజు వేయించండి."

రాజనర్సయ్య గారు రెండు చేతులూ జోడించారు. పెంటయ్య చేతిలో టెస్టరు కింద పెట్టాడు.

"గదే గద పటేలా, నేను మూడు దినాల సంది మొత్తుకునేది?"

"నువ్వు చెప్పింది కరెంటు ముచ్చట," అన్నారు రాజనర్సయ్య గారు. "సారు చెప్పింది సైన్సు."

పెంటయ్య నావైపు తిరిగి, ఏమంటానా అని చూశాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మధులతను వెతుక్కుంటూ కిందికి దిగాను.