వాచ్‌మన్ పేరు

లోవలక్ష్మి డీఎస్సీలో టీచరు పోస్టు కొట్టింది. నాలుగుసార్లు రాసి, నాలుగోసారి కొట్టింది. సోమవారం కాకినాడలో సర్టిఫికెట్ల వెరిఫికేషన్. ఆ సర్టిఫికెట్లేమో పదో తరగతి నుంచి డీఈడీ దాకా, సామర్లకోట దగ్గర ఆమె పనిచేసే ప్రైవేటు బడిలో, కరస్పాండెంట్ రమేష్ బాబు గారి బీరువాలో ఉన్నాయి. ఏడాది మధ్యలో టీచర్లు మానేసి పోకుండా, చేరిన రోజే ఒరిజినల్స్ పుచ్చుకోవడం అక్కడి పద్ధతి. జైలుకెళ్ళేవాడైనా ఎన్నాళ్ళో అడిగి వెళ్తాడు. ఈ పిల్ల అదీ అడక్కుండా ఇచ్చేసింది.

వారం నుంచి అడుగుతూనే ఉంది. రమేష్ బాబు గారు కోప్పడే మనిషి కారు, అదే వచ్చిన చిక్కు. "చూద్దాం తల్లీ" అంటారు నవ్వుతూ. శుక్రవారం పొద్దున మాత్రం "సాయంత్రం వచ్చి తీసుకెళ్ళమ్మా" అన్నారు. లోవలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది.

ఆ హుషారులోనే రెండో తరగతికి ప్రాపర్ నౌన్లు ఎత్తుకుంది. బోర్డు మీద నిలువుగా గీత గీసి, ఇటుపక్క ఊరు, నది, కుక్క అని రాసింది. అటుపక్క వాటి సొంత పేర్లు పిల్లలు చెప్పాలి. ఊరికి సామర్లకోట వచ్చింది, నదికి గోదావరి వచ్చింది, కుక్కకి అశ్విని వాళ్ళ టైగర్ వచ్చింది.

"ఇప్పుడు మన బడిలో మనుషులు చెప్పండి" అంది.

ముందు పిల్లలు కరస్పాండెంట్ అన్నారు. రమేష్ బాబు అని అందరూ ఒక్కసారే అరిచారు. తరవాత యుగంధర్ కిటికీలోంచి గేటు వైపు చూపించి "వాచ్‌మన్, మిస్" అన్నాడు.

"ఆయన పేరేంటి?"

రోజూ చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించే మనిషి పేరు ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరికీ తెలీదు. లోవలక్ష్మికి చురుక్కుమంది. ఎందుకనదూ? ఆ వాచ్‌మన్ ఆమె కన్నతండ్రి. బడిలో ఆయన కూతుర్ని "మేడమ్ గారండీ" అంటాడు. మన చుట్టరికం పిల్లలకి తెలిస్తే నీకు విలువుండదని ఆయన భయం.

రమేష్ బాబు పేరు కిందే "రాముడు" అని రాసింది.

పిల్లలు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటుంటే రమేష్ బాబు గారు రౌండ్సుకొచ్చి గుమ్మంలో ఆగారు. బోర్డంతా తీరిగ్గా చదివారు.

"నన్నూ వాచ్‌మన్నీ ఒకే వరసలో కూర్చోబెట్టారేంటమ్మా? పేరెంట్స్ పుస్తకాలు చూస్తారు. ఆ కింది పేరు తుడిచెయ్యండి."

"ఊరికే పేర్లు చెబుతున్నానండి."

"అక్కడ ఇంకెవరిదైనా పేరు రాయండి. మీ సర్టిఫికెట్లు తీసి టేబుల్ మీద పెట్టాను. సాయంత్రం దాకా ఎందుకు, ఈ పీరియడ్ అవగానే పట్టుకెళ్ళండి."

లోవలక్ష్మి డస్టర్ తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది? తుడిచేసింది.

"మరి వాచ్‌మన్ పేరేంటి మిస్?" అంది అశ్విని. పిల్లలందరూ పెన్సిళ్ళు పట్టుకుని కూర్చున్నారు. గుమ్మంలో ఆయన నిలబడే ఉన్నారు. ఏదో ఒక పేరు రాసి పారెయ్యొచ్చు, లోకంలో పేర్లకేం కరువు? సుద్దముక్క ఎత్తింది. చెయ్యి మాత్రం మళ్ళీ రాముడనే రాసింది.

"ఆయన పేరు అదేనండి" అంది.

రమేష్ బాబు గారి నవ్వు చెక్కుచెదరలేదు. "మంచిదమ్మా. సర్టిఫికెట్ల సంగతి ఏప్రిల్లో చూద్దాం" అని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంట్లో సంగతంతా విని రాముడు తిన్నగా కూతురి మొహంలోకి చూశాడు. తండ్రి కళ్ళు చెమరుస్తాయనుకుంది పిచ్చిపిల్ల.

"బోర్డు మీద నా పేరుంటే నాకు అన్నం పెడుతుందా? రాయమని నేనడిగానా?" అన్నాడు. "ఏళ్ళ తరబడి చదివి చదివి, చేతికొచ్చింది చేజేతులా పారేసుకున్నావు."

"ఎంఈవో గారికి కంప్లయింట్ ఇస్తాను నాన్నా."

"ఇయ్యి. ఆయన ఎంక్వయిరీ చేసేలోపు నీ సోమవారం వెళ్ళిపోద్ది. నా గేటూ పోద్ది."

ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది. రాముడు గోడకి ఆనుకుని కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"రేపు పొద్దున్నే రమేష్ బాబు గారింటికెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. చిన్నపిల్ల, తెలీక రాసిందని చెబుతాను. ఆయన ఇస్తాడులే. నువ్వు మాత్రం రాకు, నీ ఎదట నేను చెయ్యలేను."

వద్దు నాన్నా అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. సోమవారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి.

"ఎన్నింటికి వెళ్తావు నాన్నా?" అంది లోవలక్ష్మి.