మెల్లగ అడుగేసుడు

దేవరకొండల బాలస్వామి బస్సు కండక్టరు. ముప్పై రెండేండ్లు కిక్కిరిసిన బస్సులల్ల టికెట్లు కొట్టిండు. ఎన్ని గుంతలొచ్చినా కమ్మి పట్టుకోకుండ నిలబడేటోడు. అసొంటి మనిషి, రిటైరైన రెండో ఏడు వానల ఇంటి మెట్ల మీద జారిపడ్డడు. ఎముక విరగలే గని గుండెల భయం సొచ్చింది. నెల రోజులకు నొప్పి పోయింది, భయం పోలే. గోడ పట్టుకోకుండ వాకిట్లకు రాకపాయె. ఆదివారం చర్చికి పోవుడు సుత బందు పెట్టిండు.

బిడ్డ భాగ్యశ్రీ నల్లగొండ దవాఖానల నర్సు. సెలవు మీద వచ్చి తండ్రి వాలకం చూసింది. ఆయన ఫోన్ల ఒక వీడియో పెట్టింది. అండ్ల తెల్లజుట్టు చీనా ఆమె, నడుంలోతు నీళ్ళల్ల నడిచినట్టు మెల్లమెల్లగ చేతులు లేపుతాంది, అడుగులేస్తాంది.

"దీన్ని తాయ్‌చీ అంటరు బాపూ. కాలు కుదురుగ నిలుస్తదని మా డాక్టరమ్మ చెప్పింది. రోజుకు పది నిమిషాలు చెయ్. పక్కన కుర్సీ పెట్టుకో."

"గిదేం కసరత్తు బిడ్డా? నిద్రల నడిచినట్టుంది," అని నవ్విండు బాలస్వామి. నవ్విండు గని, బిడ్డ బస్సెక్కంగనే తలుపు గొళ్ళెం పెట్టి మొదలుపెట్టిండు.

వీడియోల ఆమె చెయ్యి లేపితే తను కుడిది లేపాల్నో, ఎడమది లేపాల్నో సమజ్ కాలే. ఫోన్ల చూసి కాలు సర్దుకునే వరకు ఆమె ఇంకేదో చేస్తుండె. చెప్పేదంతా ఇంగ్లీషు. మూడో రోజు కోపమొచ్చి ఫోన్‌ను మంచం మీదికి ఇసిరిండు.

బియ్యం ఏరుకుంట కూసున్న భార్య జానమ్మ చాట పక్కకు పెట్టింది.

"ఏమయ్యా, చూసుడూ చేసుడూ రెండూ నువ్వే అయితే ఎట్ల? నేను చూసి చెప్త, నువ్వు చెయ్."

జానమ్మకు ఇంగ్లీషు రాదు. కండ్లున్నయ్. వీడియోల ఒక్కటే ముక్కను పదిసార్లు తిప్పి తిప్పి చూసింది.

"ఆమె కాలు లేపేముందు బరువంతా రెండో కాలు మీదికి తెచ్చుకుంటాంది. నువ్వేమో బరువు మీదున్న కాలునే గుంజుతున్నవ్. మోకాళ్ళు కట్టెల్లెక్క బిగబట్టినవ్. జర వదులు చెయ్."

బాలస్వామి మోకాళ్ళు వదులు చేసిండు. బరువు ఎడమ కాలు మీదికి జరిపిండు. కుడికాలు తేలికైంది. దాన్ని ముందట పెట్టిండు, మెల్లగ దాని మీదికి ఒరిగిండు. ఒళ్ళు ఊగలే.

"జానమ్మా! బస్సుల నేను గిట్లనే నిలబడేటోన్ని! మలుపు రాకముందే మోకాళ్ళు వదిలేటోన్ని. పడ్డప్పటిసంది మొత్తం బిగుసుకపోయిన."

"మంచిది. ఇంకోపారి చెయ్."

ఆ సంబురంల రెండో వారమే కుర్సీని దూరం జరిపిండు. తిరిగేకాడ తూలి, తలుపు పరదా పట్టుకుంటే పరదా కమ్మితోని సహా ఊడి మీద పడ్డది. రెండు రోజులు ఆ జాగా దిక్కు పోలే. మూడోనాడు తనే కుర్సీ తెచ్చి పక్కన పెట్టుకున్నడు. జానమ్మ ఫోన్ పట్టుకొని ఎదురుంగ కూసున్నది.

పక్కింటి గోపమ్మ కిటికీలకెల్లి చూసి, "ఏందక్కా, అన్న గాలికి సున్నం వేస్తున్నడా?" అన్నది.

"నువ్వూ రా, ఇంకో గోడ మిగిలింది," అన్నది జానమ్మ.

మూడు నెలలు గడిచినయ్. ఒక ఆదివారం పొద్దుగాల బాలస్వామి బెల్టు పెట్టుకుంట ఆగిపోయిండు. పడ్డప్పటిసంది మంచం మీద కూసొని తొడుక్కునే ప్యాంటును, ఇయ్యాల నిలబడే తొడుక్కున్నడు. ఒక్కో కాలు మీద నిలబడ్డ సంగతి అప్పటిదాక తనకే ఎరుక లేదు. ఒక్కడే కాసేపు నవ్వుకున్నడు. బిడ్డకు ఫోన్ చేసిండు.

"బిడ్డా, ఆ చీనా ఆమె దగ్గర మొత్తం ఎన్ని ముక్కలున్నయే?"

"ఇరవై నాలుగు బాపూ. నీకెన్ని వచ్చినయ్?"

"ఐదు."

"తొందరేం లేదు తీయ్."

"నాకు లేదు. మీ అమ్మ ఆరోది నేర్సుకొని నా కోసం చూస్తాంది. ఇప్పుడు కాదు గని, చర్చి నుంచి వచ్చినంక మొదలుపెడ్తం," అని చెప్పి, బైబిల్ సంచి భుజానికేసుకొని జానమ్మను పిలిచిండు.