సీజరుకు చెప్పిన మాట

ఏసుదానానికీ ఎలీసమ్మకూ పెళ్లయి నలభై ఏళ్లు. తగువొస్తే ఒకరి మీద ఒకరు గొంతెత్తింది లేదు. మాటలు మానేసేవారు, అంతే. చెప్పక తప్పనిది ఏదైనా ఉంటే కుక్కతో చెప్పేవారు. ముందు నేరుగా పలికినవారు ఓడినట్టు. గెలిచినవారి మాటే ఇంట్లో చెల్లేది.

ఈసారి తగువు పనసచెట్టు మీద. కిందటేడు తిత్లీ తుపాను ఉద్దానంలో వాళ్ల జీడితోటంతా పడగొట్టి, దాన్నొక్కదాన్నే వదిలింది. పండు వాసనకు ఎలుగుబంట్లు దిగుతున్నాయి, కొట్టేద్దామంటాడాయన. కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో నాటింది, ముట్టుకోనివ్వనంటుందామె.

నాలుగో రోజు పొద్దున్నే పడిన మానులు నరకడానికి తోటకు పోయారు. చెరో గొడ్డలి, మధ్యన కుక్క సీజరు.

"సీజరూ, పళ్లు రాలి కుళ్లిపోతన్నాయని ముసిల్దానికి సెప్పు."

"ముసిలోడి బుర్ర కుళ్లినంత కుళ్లలేదని సెప్పరా."

నవ్వు కనపడనివ్వకుండా ఆయన గబగబా చెట్టు కిందికి నడిచాడు. అక్కడ పండు చీల్చుకు తింటున్న ఎలుగు లేచి నిలబడింది.

గొడ్డలి ఎత్తేలోపే ఆయన్ని నేలకు కొట్టింది. ఒక్క గోటిదెబ్బకు నెత్తిచర్మం ఊడి నుదుటి మీదికి జారింది. మోచెయ్యి కరిచి కుదిపితే ఎముక విరిగిన చప్పుడు ఎలీసమ్మ దాకా వినపడింది.

"సీజరూ! ముసిలోణ్ని బోర్లా తిరగమని సెప్పరా! మెడ కప్పుకోమను!"

అరుస్తూనే ఉరికి, ఎలుగు వీపున గొడ్డలి దించింది. అది తిరిగి ఆమె తొడ చీల్చేసింది. ఎలీసమ్మ పడలేదు. గొడ్డలి ఊడబెరికి మూతి మీద కొట్టింది. దాని పళ్లు రాలాయి. మళ్లీ కొట్టింది. నెత్తురు ఆమె కళ్లలో చిమ్మింది. చూడకుండానే మళ్లీ కొట్టింది. ఎలుగు మూలుగుతూ తుప్పల్లో పడి వెళ్లిపోయింది.

బోర్లా పడున్న ఏసుదానం మట్టీ నెత్తురూ ఉమ్మాడు.

"ఒసే... సీజరుగాడు ఎప్పుడో పారిపోనాడు. ఎవులితో సెప్తన్నావే?"

ఎలీసమ్మ కొంగు చింపి ఆయన నెత్తికి బిగించింది.

"ముందు పలికింది నువ్వే మావా. ఓడిపోనావు. సెట్టు నాది."

"నీదేలేవే."

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ఆమె కుంటుకుంటూ తోటకు పోయింది. చెయ్యి మెడకు కట్టుకుని ఆయన వెనకాలే వెళ్లేసరికి, పనస మొదట్లో గొడ్డలి దిగబడుతోంది. తెల్లటి పాలు కారుతున్నాయి.

"గెలిసినావు కదే! మరేటిది?"

"నా సెట్టు, నా ఇట్టం," అంది, గొడ్డలి ఆపకుండా. "నువ్వు దూరం జరుగు. పేళ్లు తగల్తాయి."